రోజూ వెంట ఉండే చిన్న కెమెరా: జూమ్ ఉన్నది మేలా, లేనిది మేలా?

గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు ఒక చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కోవాలని నిశ్చయించుకుని, "మామయ్యా, వీటిలో ఏది తీసుకోమంటావు?" అంటూ నాలుగు పేర్లు రాసిన కాగితం నా ముందు పెట్టింది. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7, కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3, రికో జీఆర్ 3, ఫుజీఫిల్మ్ ఎక్స్100-6. మొదటి రెండింటికీ జూము ఉంది, చివరి రెండింటికీ లేదు. నాలుగూ పేరున్నవే, నాలుగూ మంచి ఫొటోలు ఇచ్చేవే. అయితే ఆమెకు కావలసింది యాత్రలకో పెళ్లిళ్లకో కాదు. ఆఫీసు నుంచి వచ్చే దారిలో, ఆదివారం పాతబస్తీలో, ఇంట్లో అమ్మమ్మ దగ్గర, అక్క కొడుకు ఆటల్లో, అంటే మామూలు రోజుల్లో కళ్ల ముందు కనిపించేవి తీసుకోవడానికి. ఆ అవసరానికి ఏది మేలో తేల్చాలంటే, ఆమె ఏ వెలుతురులో, ఎంత దూరం నుంచి ఫొటోలు తీస్తుందో ముందు చూడాలి. మెగాపిక్సెళ్ల లెక్క ఆ తర్వాతి మాట.

దూరం సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. వెలుతురు సంగతే చాలామంది పట్టించుకోరు. ఫొటోలోకి చేరే వెలుతురు రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి సెన్సరు, అంటే వెలుతురును ఫొటోగా మార్చే చిప్, దాని వైశాల్యం. రెండోది లెన్సు అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం. దాన్ని ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. వైశాల్యాన్ని ఎఫ్ అంకె వర్గంతో భాగించి, వచ్చిన సంఖ్యలను పక్కపక్కన పెట్టుకుంటే, ఒకే షట్టరు వేగానికి ఏ కెమెరా ఎంత వెలుతురు పడుతుందో స్థూలంగా తెలుస్తుంది. సోనీ, కెనాన్ కెమెరాల్లో ఉన్నది ఒక అంగుళం తరగతి సెన్సరు (అంగుళం అన్నది పేరుకే), 13.2 మి.మీ. వెడల్పు, 8.8 మి.మీ. ఎత్తు, అంటే సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు. రికో, ఫుజీలలో ఉన్న ఏపీఎస్-సీ సెన్సరు సుమారు 366 చదరపు మిల్లీమీటర్లు, మూడు రెట్లకు మించి పెద్దది. ఈ ఒక్క అంకె చూసి, పెద్ద సెన్సరుదే గెలుపని చాలామంది అక్కడితో లెక్క ఆపేస్తారు. కానీ కెనాన్ లెన్సు విశాల కోణం వద్ద ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది, రికో లెన్సు ఎఫ్/2.8 దగ్గరే ఆగిపోతుంది. భాగించి చూస్తే కెనాన్‌కు 36, రికోకు 47 వస్తాయి. సెన్సరులో మూడు రెట్లుగా కనిపించిన తేడా వెలుతురు దగ్గరికి వచ్చేసరికి రికోదే దాదాపు మూడో వంతు ఎక్కువ అన్నంతకు తగ్గిపోయింది. ఎఫ్/2 లెన్సున్న ఫుజీకి 92 వస్తుంది, ఇది నిజంగానే వేరే తరగతి. ఇక ఎఫ్/2.8 తో మొదలయ్యే సోనీ మార్క్ 7 కు వచ్చేది 15 మాత్రమే.

ఇదే లెక్కలో ఖరీదైన ఫోను ప్రధాన కెమెరా, అంటే 1/1.3 అంగుళాల తరగతి సెన్సరు, ఎఫ్/1.8 లెన్సు ఉన్నది, సుమారు 22 దగ్గర నిలుస్తుంది. అంటే రాత్రిపూట విశాల కోణంలో తీసే ఫొటోకు ఆ ఫోను, ఎంతో డబ్బు పోసి కొన్న సోనీ మార్క్ 7 కంటే ఎక్కువ వెలుతురు పడుతుంది. పైగా ఫోను కొన్ని ఫొటోలను వెంటవెంటనే తీసి ఒకటిగా కలిపి, తక్కువ వెలుతురులో ఫొటో మీద ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలను తగ్గిస్తుంది కాబట్టి, ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి రాత్రి తీయాలంటే మంచి ఫోనే చాలు. కదిలేవాటి దగ్గర ఆ ఉపాయం అంతగా పారదు. గంతులు వేసే పిల్లవాడి చేతులు, బజారులో నడిచే మనుషుల ముఖాలు ఫోను ఫొటోలో మెత్తబడి, పెద్దది చేసి చూస్తే చెరిగిన రంగుల్లా కనిపిస్తాయి. కాబట్టి ఫోను ఉన్నవారు కెమెరా కొనేటప్పుడు ఫోను ఇప్పటికే బాగా చేస్తున్న పనికి మళ్లీ డబ్బు పెట్టకుండా, అది చేయలేని పని కోసం కొనుక్కోవాలి.

ఆ పని ఎలా ఉంటుందో చూడాలంటే సాయంత్రం ఆరున్నరకు లాడ్‌బజార్‌కు వెళ్లాలి. ఒక దుకాణం గడప మీద పెద్దాయన ఒకరు కూర్చుని, కుంపటి సెగ మీద లక్కను మెత్తబరచి గాజుగా చుట్టి, అది చల్లారేలోపు రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతుంటారు. వెలుతురు నెత్తి మీది ఎల్‌ఈడీ బల్బుది ఒకటి, కింది నుంచి నిప్పుల ఎరుపు ఒకటి. వేళ్లు ఒక్క క్షణం కూడా ఆగవు. నేను నా పాత ఒక అంగుళం కెమెరానూ, మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్న జీఆర్ 3 నూ తీసుకుని, ఆయన అనుమతితో అరగంట సేపు రెండింటితో మార్చి మార్చి ఫొటోలు తీశాను. నా పాత కెమెరాకు కూడా కెనాన్‌లో ఉన్నట్టే ఎఫ్/1.8 లెన్సు ఉంది కాబట్టి పోలిక న్యాయమైనదే. మచ్చల విషయంలో రెండు ఫొటోల మధ్య తేడా, పైన వేసిన లెక్క చెప్పినట్టే, వెతికితే గాని కనిపించలేదు. కనిపించిన తేడా వేరే చోట. జూము ఉండటం వల్ల మొదటిదానితో నేను రెండడుగులు వెనక్కి జరిగి, ఆయన వేళ్లను మాత్రమే ఫ్రేములోకి తెచ్చుకోగలిగాను. జీఆర్‌తో అదే ఫొటో తీయాలంటే కుంపటి మీదికి వంగవలసి వచ్చింది. కానీ ఆయన తల ఎత్తి ఎదురుగా ఉన్న అమ్మాయి చేతికి గాజు తొడుగుతూ నవ్విన ఆ అర నిమిషంలో, జూము ఎంత ఉంచాలా అని నేను ఆలోచిస్తూ ఉండిపోయాను. జీఆర్ చేతిలో ఉన్నప్పుడు ఆ ఆలోచనే ఉండదు.

అక్కడే మరో సంగతి గమనించాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫోనులోని ఎలక్ట్రానిక్ షట్టరు వేగంగా పనిచేస్తే ఫొటో మీద అడ్డచారలు పడతాయి. ఈ చిన్న కెమెరాలన్నిటిలో లెన్సులోనే అమర్చిన యాంత్రిక షట్టరు ఉంటుంది కాబట్టి ఆ చారల బెడద తప్పుతుంది. షట్టరు వేగం 1/100 దగ్గర ఉంచుకుంటే ఫొటోకూ ఫొటోకూ మధ్య వెలుతురు హెచ్చుతగ్గులు కూడా ఉండవు. వినీ వినిపించని ఆ షట్టరు చప్పుడు, ముఖ్యంగా నిద్రపోయే పిల్లల దగ్గర, చిన్న సౌకర్యమేమీ కాదు.

జీఆర్ 3 బలం దాని వేగంలో ఉంది. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు. చొక్కా జేబులో పడుతుంది, మీట నొక్కిన సెకనులోపే సిద్ధమవుతుంది. మసక వెలుతురులో దాని ఆటోఫోకస్ తడబడుతుందన్న మాట నిజమే. కానీ అందులో స్నాప్ ఫోకస్ అనే ఏర్పాటు ఉంది. దూరాన్ని 2.5 మీటర్ల దగ్గర, అపర్చర్‌ను ఎఫ్/5.6 దగ్గర పెట్టుకుంటే, సుమారు 1.4 మీటర్ల నుంచి 15 మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగానే వస్తుంది. ఫోకస్ కోసం ఆగకుండా మీట ఒక్కసారి లోపలికి నొక్కితే చాలు. పగటిపూట మొజంజాహీ మార్కెట్ చుట్టూ తిరిగేటప్పుడు ఇంతకంటే చురుకైన చిన్న కెమెరా నాకు తెలియదు. దీని లోపం కూడా అంతే స్పష్టం. లెన్సు 28 ఎంఎం కోణం ఒక్కటే (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలోనివి దగ్గరగా కనిపిస్తాయి). 24 మెగాపిక్సెళ్ల ఫొటోను లోపలే కత్తిరించి 35 ఎంఎం కోణానికి తెచ్చుకుంటే 15, 50 ఎంఎంకు తెచ్చుకుంటే 7 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవారికి ఈ కెమెరా నెల తిరగకముందే విసుగు పుట్టిస్తుంది. 2021 లో వచ్చిన 40 ఎంఎం కోణపు జీఆర్ 3ఎక్స్ ఆ మొహమాటాన్ని కొంత తగ్గిస్తుంది.

ఫుజీ ఎక్స్100-6 గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఫొటోల నాణ్యతలో ఈ నాలుగింటిలో అదే ముందుంటుంది. కానీ 521 గ్రాముల బరువుతో, జేబులో పట్టని మందంతో ఉన్నదాన్ని రోజూ వెంట ఉండే కెమెరా అనడానికి నాకు మనసొప్పదు. మెడలో వేసుకుని తిరిగే అలవాటున్నవారికి అది వేరే సంగతి.

సోనీ మార్క్ 7 పగటి వెలుతురులో అద్భుతమైన యంత్రం. 302 గ్రాముల్లో 24 నుంచి 200 ఎంఎం దాకా జూము ఉంటుంది. కేబీఆర్ పార్కులో నెమలి దారి దాటుతుంటే, మిగిలిన మూడింటితో పక్షి ఎక్కడుందో వెతుక్కోవలసిన ఫొటో వస్తుంది, దీనితో నెమలే వస్తుంది. పరిగెత్తే పిల్లవాడి కన్నును పట్టుకుని వదలని ఆటోఫోకస్ దీనికి ఉంది. పైకి లేచే వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ, దీని మరో వరం. మే నెల మిట్టమధ్యాహ్నం గోల్కొండ మీద నిలబడినప్పుడు వెనక తెర మీద మన ముఖం తప్ప ఇంకేమీ కనిపించదు, కెనాన్‌కూ రికోకూ వ్యూఫైండర్ లేదు. కానీ సాయంత్రం పడేసరికి దీని శక్తి సన్నగిల్లుతుంది. 200 ఎంఎం దగ్గర లెన్సు ఎఫ్/4.5 కు కుంచించుకుపోయి, మన లెక్కలో 6 మాత్రమే మిగులుతుంది. స్కూలు వార్షికోత్సవంలో వెనక వరుస నుంచి వేదిక మీది పిల్లలను తీయడానికే దీన్ని కొంటామంటే నేను వద్దంటాను. ఆ పని నిజానికి జేబులో పట్టే ఏ కెమెరా చేతా కాదు.

కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3 ఏ ఒక్క పనిలోనూ మొదటి స్థానం దక్కించుకోదు. వీడియోలో దాని ఫోకస్ అప్పుడప్పుడు వెనకాముందాడుతుంది. అయినా దాని లెన్సు 100 ఎంఎం దాకా వెళ్లినా ఎఫ్/2.8 దగ్గరే నిలుస్తుంది, అంటే మార్క్ 7 విశాల కోణంలో పట్టే వెలుతురును ఇది జూము చివర కూడా పడుతుంది. హాల్లో ట్యూబులైటు కింద కూర్చుని వత్తులు చేసుకుంటున్న అమ్మమ్మ ముఖం ఒక్కటే, ఆమెకు ఇబ్బంది కలగనంత దూరం నుంచి తీయాలంటే ఇలాంటి లెన్సే కావాలి. చిన్నదే అయినా అసలైన ఫ్లాష్ ఉంది. పుట్టినరోజు కేకు చుట్టూ గెంతే పిల్లలను అది గాలిలోనే ఆపేస్తుంది. జీఆర్ 3 లో ఫ్లాషే లేదు, విడిగా కొని పైన తగిలించుకోవాలి.

బ్యాటరీ విషయంలో ఎవరూ గొప్పలకు పోనవసరం లేదు. తయారీదారుల లెక్కే జీఆర్ 3 కు 200 ఫొటోలు, మార్క్ 7 కు 260. ఏది కొన్నా రెండో బ్యాటరీ ఖర్చు కలుపుకోవాలి. వాన, దుమ్ము మాత్రం జాగ్రత్తగా ఆలోచించవలసినవి. సోనీ, కెనాన్, రికో మూడింటిలో ఏదీ వానకు ఆగేది కాదు. మూడింటి లెన్సులూ లోపలికీ బయటికీ జరిగేవే కాబట్టి జరిగిన ప్రతిసారీ గాలితో పాటు కాస్త దుమ్మును కూడా పీల్చుకుంటాయి. వానాకాలంలో ముసురు పట్టిన రోజుల్లో కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో మరిచిపోతే లెన్సుకు బూజు పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడం మేలు.

ఇవన్నీ తూచి చూసి మా మేనకోడలికి నేను జీ7 ఎక్స్ మార్క్ 3 తీసుకోమని చెప్పాను. ఆమె ఫొటోల్లో సగానికి పైగా ఇంట్లో, దీపాలు పెట్టాక తీసేవే. ఆమె కొత్త మనుషుల దగ్గరికి చొరవగా వెళ్లే మనిషి కూడా కాదు. అదే ప్రశ్న నా తమ్ముడు అడిగి ఉంటే, వారం వారం వీధుల్లో నడిచే అతనికి జీఆర్ 3 నే చెప్పేవాణ్ణి, రెండో మాట ఉండేది కాదు. పక్షులూ, కోటలూ, పగటి ప్రయాణాలూ ఎక్కువైనవారికి సోనీ.

కొత్తది అనుకున్న ధరకు దొరక్కపోవడంతో ఆమె వాడిన కెమెరా కోసం చూసింది. ఈ విషయంలో నాకు ఒక చేదు అనుభవం ఉంది. కొన్నేళ్ల క్రితం నగరంలోని ఒక దుకాణంలో వాడిన కెమెరా ఒకటి, పైకి కొత్తదానిలా మెరుస్తుంటే, తెర మీద నాలుగు ఫొటోలు చూసి కొన్నాను. ఇంటికి వచ్చి ఆకాశాన్ని తీస్తే ప్రతి ఫొటోలోనూ ఒకే చోట బూడిదరంగు మచ్చ. సెన్సరు మీద దుమ్ము చేరింది. లెన్సు విప్పే వీలు లేని కెమెరాలో దాన్ని తుడవాలంటే మొత్తం ఊడదీయాలి. దుకాణదారు వెనక్కి తీసుకోలేదు. అందుకే ఆమెతో నేనే కోఠికి వెళ్లాను. అపర్చర్‌ను ఎఫ్/11 కు తగ్గించి, జూమును ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర ఉంచి, తెల్లటి గోడను తీయమన్నాను. ఆ ఫొటోను తెర మీద పెద్దది చేసి మూల నుంచి మూలకు జరుపుతూ చూడమన్నాను. తర్వాత కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని పదిసార్లు ఆన్, ఆఫ్ చేయించాను. లెన్సు బయటికి వచ్చేటప్పుడు గరగరమంటే లోపల ఇసుక చేరినట్టే. మొదటి కెమెరాలో గోడ మీద రెండు మచ్చలు కనిపించాయి. రెండోది మచ్చ లేనిదే గాని, జూము సగంలో ఆగి మళ్లీ కదిలింది. మూడోదానిలో గోడ శుభ్రంగా వచ్చింది, లెన్సు మెత్తగా జరిగింది. బిల్లు మీద కెమెరా నంబరు రాయించుకుని దాన్నే తీసుకుంది.