స్ప్రింగులు మార్చాక అలైన్‌మెంట్: విజయవాడ ఆటోనగర్‌లో ఒక మంచి షాపు

స్విఫ్ట్‌కి ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయించాక బండి ఎడమకి లాగేస్తోంది, హైవే మీద ఒకటే టెన్షన్. ఆటోనగర్‌లో ఈ చిన్న అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే) షాపులో చూపించాను, పని చాలా బాగా చేశారు.

చాలాచోట్ల ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటి సరిచేసి పంపేస్తారు. ఇక్కడి మెకానిక్ గారు మొదట టైర్లలో గాలి చూసి, స్టీరింగ్, సస్పెన్షన్ కీళ్లయిన టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు ఊపి చూసి, బండి బరువు చక్రాల మీద ఉండగానే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచే చేయి) రబ్బరు బుష్‌ల బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించారు, ఎందుకంటే చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరిగిపోతుంది. ఈ పని ఎవరూ అడక్కుండా చేసేవాళ్లు అరుదు!

ఎత్తు తగ్గితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) నెగటివ్ వైపు పోతుంది, అంటే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, టో కూడా మారుతుంది, టైరు లోపలి అంచుని ఎక్కువగా తినేసేది ఆ టోనే. ముందు చక్రాల క్యాంబర్ సర్దడానికి కంపెనీ ఏర్పాటేమీ లేదు కాబట్టి స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) దగ్గర ఆ వాలు సర్దే క్యాంబర్ బోల్టులు వేశారు. టో ఆ తర్వాతే, క్యాంబర్ కదిపితే అదీ కదులుతుంది కదా. వెనక రెండు చక్రాలనీ కలిపే టార్షన్ బీమ్, అక్కడ సర్దే ఏర్పాటు లేదు కాబట్టి రీడింగ్ చూపించి వదిలేశారు.

పనికి ముందూ తర్వాతా తీసిన రీడింగుల ప్రింట్లు రెండూ ఇచ్చారు. ఆదివారం మాత్రం వెళ్లకండి, రద్దీ. స్ప్రింగులు కాస్త కుదురుకున్నాక మళ్లీ చెక్ చేయించమన్నారు, అక్కడికే వెళ్తాను.