బడికి వెళ్లే పాఠాల టూల్: పైథాన్ మేలా, గో మేలా?

నెట్ లేని బడికి డిజిటల్ పాఠాలు పంపాలంటే ముందు కొలిబ్రి, కివిక్స్ అనే, నెట్ లేకుండా నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్లు చూడండి. రెడీగా ఉన్న వీడియోలు, వికీపీడియా చాలనుకుంటే కొత్తగా ఏదీ తయారుచేయనక్కర్లేదు. కానీ టీచర్లు సొంతంగా రాసుకున్న నోట్సు, బొమ్మలు, బిట్లు ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఒక్క కమాండ్‌తో పాఠంగా మార్చాలంటే మాత్రం మనదైన చిన్న కమాండ్‌లైన్ టూల్ (కమాండ్ టైపు చేసి నడిపే ప్రోగ్రామ్) కావాలి. కోడింగ్ కాస్త తెలిసిన టీచరు కూడా ఇప్పుడు ఏఐ సాయంతో దాన్ని తయారుచేసుకోవచ్చు. అడిగితే ఏఐ సాధారణంగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిస్తుంది. దాన్ని అలాగే తీసుకునే ముందు, ఆ టూల్ ఏ కంప్యూటర్ మీద నడవాలో ఆలోచించాలి.

పైథాన్ బలం చిన్నది కాదు. కోడ్ చదివితే అర్థమవుతుంది. ఏఐ రాసినదాంట్లో తప్పు పట్టుకోవాలంటే ముందు అది మనకు అర్థం కావాలి కదా. ఏదైనా మార్చాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోవచ్చు. టూల్ నడిచేది మీ ఒక్కరి ల్యాప్‌టాప్ మీదే అయితే, తయారైన పాఠాలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లో బడికి వెళ్తే, పైథాన్ చాలు. ఇక వేరే ఆలోచన అక్కర్లేదు.

టూల్‌నే పది బడులకు పంచాలనుకున్నప్పుడు కథ మారుతుంది. ల్యాబుల్లో ఇంకా విండోస్ 7 ఉన్న పాత మెషీన్లు కనిపిస్తాయి. వాటిలో 32 బిట్ విండోస్‌వి కూడా ఉంటాయి. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8. ఏఐ కొత్త వెర్షన్ పద్ధతుల్లో కోడ్ రాసిస్తే అక్కడ అది మొదలే అవ్వదు. పైగా పైథాన్‌నీ, దానికి కావలసిన లైబ్రరీలనూ (ఇతరులు ముందే రాసి ఉంచిన కోడ్) నెట్ లేకుండా ఒక్కొక్కటిగా ఎక్కించాలి. పైఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రామ్‌తో అన్నీ కలిపి ఒకే ఫైలు చేయొచ్చు. కానీ విండోస్ ఫైలు కావాలంటే విండోస్ మీదే చేయాలి. అలా చేసిన ఫైలు నడిపిన ప్రతిసారీ ముందు తనను తాను విప్పుకుంటుంది, పాత హార్డ్‌డిస్కు మీద దానికే చాలాసేపు పడుతుంది. ఒక్కోసారి యాంటీవైరస్ దాన్ని అనుమానిస్తుంది కూడా.

గో అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. విండోస్, 32 బిట్ అని రెండు సెట్టింగులు ఇస్తే లినక్స్ ల్యాప్‌టాప్ మీదే విండోస్ ఫైలు తయారవుతుంది. తెలుగు ఫాంటు, పేజీ టెంప్లేటు కూడా ఆ ఫైలు లోపలే సర్దేయొచ్చు. కాపీ చేసి నడపడమే, ఇన్‌స్టాల్ లేదు. అయితే గో 1.21 నుంచి విండోస్ 7 మీద నడవదు. 1.20నే వాడమని, లైబ్రరీలూ దానికి సరిపడేవే తీసుకోమని ఏఐకి మొదటి మాటలోనే చెప్పాలి. గో కోడ్ పొడుగ్గా ఉంటుంది, ఎర్రర్ చెక్‌లు అడుగడుగునా కనిపిస్తాయి. చేత్తో రాసే రోజుల్లో అది పెద్ద అడ్డంకి. ఇప్పుడు ఆ టైపింగ్ ఏఐ చేస్తుంది కాబట్టి పైథాన్‌కి ఉన్న ‘త్వరగా రాయొచ్చు’ అనే ఆధిక్యం బాగా తగ్గిపోయింది.

తెలుగు దగ్గర మాత్రం రెండూ జాగ్రత్త అడుగుతాయి. విండోస్‌లో పైథాన్ 3.8తో ఫైలు రాసేటప్పుడు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ ఫైల్లో దాచే పద్ధతి) అని చెప్పకపోతే, తెలుగు అక్షరం రాగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోవచ్చు. గోలో ఆ బెడద లేదు. కానీ ‘లోపించిన అక్షరం పూరించండి’ లాంటి బిట్ తయారుచేసే చోట గో ఇంకా ఇబ్బంది పెడుతుంది. ‘స్త్రీ’ పిల్లలకు ఒకే అక్షరం. పైథాన్ లెక్కలో అది ఆరు గుర్తులు, గో మామూలు లెక్కలో పద్దెనిమిది బైట్లు. ఏఐ ఇంగ్లిష్ పదాల అలవాటుతో మధ్యలో కోసేస్తే పైథాన్‌లో ఒత్తు ఊడిన అక్షరం, గోలో అచ్చంగా చెత్త కనిపిస్తాయి. ఏ భాష తీసుకున్నా స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం లాంటి పదాలతో, టూల్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే టెస్టులు ఏఐతో రాయించి తీరాలి.

తయారయ్యే పాఠం పీడీఎఫ్ కావాలా, హెచ్‌టీఎమ్‌ఎల్ కావాలా? ప్రింట్ తీయాలంటే పీడీఎఫ్, కానీ అన్ని లైబ్రరీలూ ఒత్తులను సరిగ్గా కూర్చవు. స్క్రీన్ మీద చదవడానికి, బిట్లు చేయడానికి హెచ్‌టీఎమ్‌ఎల్ మేలు. అదీ ఒకే ఫైలుగా ఉండాలి. ఏఐ ప్రశ్నలను వేరే ఫైల్లో పెట్టి పేజీ తెరిచాక తెప్పించుకునేలా రాస్తే, సర్వర్ మీద బాగానే నడుస్తుంది. అదే పేజీని పెన్‌డ్రైవ్ నుంచి డబుల్ క్లిక్ చేస్తే క్రోమ్ ఆ ఫైలును అడ్డుకుంటుంది, బిట్లు రావు. ప్రశ్నలు, బొమ్మలు అన్నీ పేజీ లోపలే ఉండాలని ముందే చెప్పండి.

టూల్ లోపల ఏఐని పెట్టడం నాకు నచ్చదు. ల్యాబులో నెట్ ఉండదు. ఆ మెషీన్ల మీద నడిచేంత చిన్న మోడళ్ల తెలుగును పిల్లల ముందు పెట్టలేం. నెట్ ఉన్న చోట ఏఐతో బిట్లు రాయించుకుని, టీచరు ప్రతి జవాబూ పాఠ్యపుస్తకంతో సరిచూసి, ఆ తర్వాతే ఫోల్డర్‌లో పెట్టాలి. తప్పు జవాబు ఒకసారి పెన్‌డ్రైవ్ ఎక్కి ఊళ్లకు వెళ్లిందంటే వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

నా ఓటు ఇలా: మొదట పైథాన్‌లో రాయించి, మీ ల్యాప్‌టాప్ మీదే కొన్ని పాఠాలు తయారుచేయండి. పాఠం రూపం కుదిరాక, ఆ కోడ్‌నీ టెస్టులనూ ఏఐకి ఇచ్చి గోలోకి మార్పించి, ఆ ఫైలును పంచండి. పంచేముందు దాన్ని మీకు దొరికిన అన్నిటికన్నా పాత కంప్యూటర్ మీద నడిపి చూడండి.