డడ్లియా కొనేముందు వేర్ల ఫోటో అడగండి

కాలిఫోర్నియా బే ఏరియాలో సక్యులెంట్లు (దళసరి ఆకుల్లో నీరు దాచుకునే మొక్కలు) పెంచే మనవాళ్లందరికీ చెప్తున్నాను, ఆన్‌లైన్‌లో వాటిలో డడ్లియా అనే రకం కొనేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండండి. జూలైలో నేను మూడు మొక్కలు, ఒక్కోటి 45 డాలర్లు పెట్టి తెప్పించుకున్నాను. ఫోటోలో ఆకులన్నీ బూడిదగుమ్మడికాయ మీద పొడి ఉన్నట్టు తెల్లగా, విచ్చుకున్న పువ్వులా ఉంటే ఆగలేకపోయాను.

పెట్టె విప్పితే కుండీ లేదు, మట్టి లేదు, న్యూస్‌పేపర్లో చుట్టేసి ఉన్నాయి. కాండం నా బొటనవేలంత లావు, వంకర తిరిగిపోయి, దాని చుట్టూ ఎండిన పాత ఆకులు పొరలు పొరలుగా అంటుకుని ఉన్నాయి. వేర్లు బలంగా లాగితే తెగినట్టున్నాయి, ఒకదాని వేర్ల మధ్య రాతి ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది. ఆకుల మీద తెల్లపొడి చెరిగి ఎవరివో వేలిముద్రలు. ఆ పొడి ఒకసారి పోతే ఆ ఆకుకి మళ్లీ రాదు.

నర్సరీలో పెంచిన మొక్క ఇలా ఉండదండీ. ఇవి సముద్రపు ఒడ్డున కొండచరియల మీంచి పీకినవి. అమ్మినతన్ని ఎక్కడివని అడిగితే "మొక్కలు సేకరించే ఒకాయన దగ్గరివి" అన్నాడు, నర్సరీ పేరు అడిగాక ఇక జవాబే లేదు.

ఇది చిన్న విషయం కాదు. 2018లో హంబోల్ట్ కౌంటీలో 2,000 పైగా డడ్లియాలతో ముగ్గురు దొరికారు. ఆ దొంగతనాల వల్లే కాలిఫోర్నియాలో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు, 2022 నుంచి అమల్లో ఉంది. ఒక్కో మొక్కకు 5,000 డాలర్ల నుంచి జరిమానా వేసే వీలుంది, జైలు కూడా. అలా పీకినవి కొనడం కూడా తప్పే.

ఇంకో మోసం, పెట్టెలో పెట్టిన కార్డులో వారానికోసారి నీళ్లు పొయ్యమని రాశాడు. డడ్లియా ఎండాకాలం నిద్రపోతుంది, పెరిగేది ఇక్కడి చలికాలపు వానల్లో. నేను నమ్మి పోశాను, రెండు మొక్కలు మొదలు దగ్గర కుళ్లిపోయాయి. చేత్తో పట్టుకుంటే మెత్తగా ఊడి వచ్చాయి, ఆ రోజంతా మనసు బాగోలేదు. మిగిలినదాన్ని చరియ మీద ఉన్నట్టే ఏటవాలుగా నాటాను, ఆకుల గుత్తి మధ్యలో నీళ్లు నిలవకుండా.

కావాలంటే విత్తనం నుంచి పెంచే నేటివ్ ప్లాంట్ (స్థానిక మొక్కల) నర్సరీల్లో తీసుకోండి, చిన్నవే అయినా పర్వాలేదు. నేను ఆ అమ్మకం స్క్రీన్‌షాట్లన్నీ కాల్‌టిప్‌కి (ఇలాంటి దొంగతనాల మీద ఫిర్యాదు తీసుకునే కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగానికి) పంపాను. కుండీ లేకుండా ముదురు కాండంతో ఉన్న డడ్లియాలు మీకెవరైనా అమ్మజూపితే కొనకుండా మీరూ ఆ వివరాలు అక్కడికే పంపండి.