కథలో చుక్క నిలిచిందా? స్క్రీన్ ప్రింటింగ్ వర్క్‌షాపులు, రెండేళ్ల తర్వాత

స్క్వీజీ (రంగును స్క్రీన్‌లోంచి కిందికి నొక్కే రబ్బరు పట్టీ) లాగడంలో ఉన్న సరదా గురించి, మొదటి ప్రింటు ఎత్తి చూసుకున్నప్పటి సంబరం గురించి ఈపాటికి అందరూ రాసేశారు. అవన్నీ నిజమే. అప్లైడ్ ఆర్ట్ చదువుతూ రెండేళ్లలో నాలుగు వర్క్‌షాపులకు వెళ్లి, వాళ్లిచ్చిన కిట్టును ఇప్పటికీ వాడుతున్న మనిషిగా నాకున్న ఫిర్యాదు ఒక్కటే. నాలుగింట మూడు చోట్ల స్క్రీన్లు ముందే తయారుచేసి పెట్టారు. మనం వెళ్లేసరికి డిజైన్ ఎక్కించి, కడిగి, ఆరబెట్టిన ఫ్రేములు గోడకు ఆనించి ఉంటాయి. రంగు పోసి లాగడమే మన వంతు. వంట నేర్పిస్తామని పిలిచి వడ్డన నేర్పి పంపినట్టు.

వాళ్ల ఇబ్బందీ అర్థమవుతుంది. మెష్ (ఫ్రేముకు బిగించిన జాలీ గుడ్డ) మీద ఎమల్షన్, అంటే వెలుతురు తగిలితే గట్టిపడే పూత, పూశాక చీకట్లో ఆరాలి, నల్లగా ప్రింటు తీసిన డిజైన్ (పాజిటివ్) ఆనించి ఎండ చూపించాలి (ఎక్స్‌పోజ్ అంటే ఇదే), నలుపు కింద గట్టిపడకుండా మిగిలిన దాన్ని రంగు దిగడానికి కడిగేయాలి, మళ్లీ ఆరాలి. పదిహేను మంది ఉంటే శని, ఆదివారాలు ఏ మూలకూ రావు. కానీ ఇంటికొచ్చాక చెడేదంతా సరిగ్గా ఆ దాటేసిన భాగంలోనే చెడుతుంది. అందులోనూ తెలుగు అక్షరాలతో పనిచేసేవాళ్లకు ఎక్కువ.

'కథ' అన్న మాటే తీసుకోండి. పొట్టలో చుక్క, కింద ఒత్తు ఉన్న థ. ఎక్స్‌పోజ్ కాస్త ఎక్కువైతే ముందు మూసుకుపోయేది ఆ చుక్కే, ఎందుకంటే అక్షరం మొత్తంలో అన్నిటికన్నా చిన్న సందు అదే. 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. ఇంకొంచెం ఎక్కువైతే కింది ఒత్తు కూడా పూడిపోయి 'కద' అవుతుంది. పెళ్లి కార్డులో అయితే 'వధువు' 'వదువు'గా మారుతుంది, ఆ తర్వాత ఎవరేమంటారో చెప్పక్కర్లేదు. ఎక్స్‌పోజ్ తక్కువైతే కథ ఇంకోలా చెడుతుంది. చుక్కకూ పొట్టకూ మధ్య నిలవాల్సిన సన్నటి ఎమల్షన్ కడుగుడులో కొట్టుకుపోతుంది, పొట్టంతా ఒకటే సిరా ముద్ద. అంటే ఎక్కువా తక్కువా రెండూ ఒక్క అక్షరంలోనే కనిపిస్తాయి. వర్క్‌షాపుల్లో టెస్టుకని ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఇస్తారు. ఎక్కువగా అడ్డగీతలూ నిలువుగీతలే కాబట్టి అవి ఎంత తప్పు చేసినా బాగానే వస్తాయి. దాంతో మనకంతా వచ్చేసిందనుకుంటాం.

మొదటి దెబ్బ మెష్ దగ్గరే పడుతుంది. షాపులో 120 అని అడిగితే ఏ 120 ఇస్తారన్నది పెద్ద ప్రశ్న. కొందరు అంగుళానికి దారాలు లెక్కపెడతారు, కొందరు సెంటీమీటరుకు. అంగుళానికి 120 అంటే సెంటీమీటరుకు దాదాపు 47, గుడ్డ మీద వేసే ముతక మెష్. సెంటీమీటరుకు 120 అంటే అంగుళానికి 305, కాగితం మీద సన్న పనికి. రెంటికీ పోలికే లేదు. నా కిట్టులో వచ్చింది సెంటీమీటరుకు 43. అందులో ఒక దారం నుంచి పక్క దారానికి దూరం 0.23 మిల్లీమీటర్లు. 14 పాయింట్ల అక్షరంలో థ చుక్క అర మిల్లీమీటరు లోపే ఉంటుంది కాబట్టి దానికి అడ్డంగా రెండే రెండు కన్నాలు దొరుకుతాయి. అందులో ఒకటి మూసుకుంటే చుక్క లేనట్టే. సెంటీమీటరుకు 77 ఉన్న మెష్‌లో అదే చుక్కకు దాదాపు నాలుగు కన్నాలు వస్తాయి. కాగితం మీద నీళ్లతో కలిసే రంగులకు నేనిప్పుడు అదే వాడుతున్నాను. గుడ్డసంచుల మీద 43 చాలు, కాకపోతే అక్షరం 30 పాయింట్లకు తగ్గకూడదు.

ఇక అసలు గొడవ. వానాకాలంలో ఈ కిట్టు వరుసగా ఆరు స్క్రీన్లను మింగేసింది. లక్షణం అన్నిసార్లూ ఒకటే: కడుగుతుంటే లోపలి వైపు, అంటే స్క్వీజీ వైపు, జిగటగా జారడం, గీతల అంచులు ఊడిపోవడం. కిట్టుతో ఇచ్చిన కాగితంలో దీనికి రాసిన మందు 'ఎక్స్‌పోజ్ పెంచండి'. రెండు నిమిషాలను మూడు చేస్తే జిగట కొంచెం తగ్గింది. నాలుగు చేస్తే ఇంకొంచెం తగ్గింది, కానీ కథలో చుక్క పోయింది. అయిదుకు ఒత్తు కూడా పోయింది, జిగట మాత్రం ఇంకా మిగిలే ఉంది.

జిగటా, చుక్క మూసుకుపోవడమూ ఒకే స్క్రీన్ మీద కలిసి కనిపించాయంటే తప్పు సమయంలో లేదు. ముందు ఆరబెట్టడాన్నే అనుమానించాలి. ఎమల్షన్ వేలికి అంటుకోనంత మాత్రాన ఆరినట్టు కాదు. లోపల తేమ ఉండిపోతే వెలుతురు తగిలినా అది సరిగ్గా గట్టిపడదు. పైపొర గట్టిపడుతుంది, మెష్‌ను పట్టుకోవాల్సిన లోపలి పొర మెత్తగానే ఉంటుంది. అది చూసి మనం సమయం పెంచుతాం. ఆ అదనపు వెలుతురు నల్ల గీత అంచుల కిందికి పాకి సన్న సందుల్ని మూసేస్తుంది. ఎండాకాలం రెండు గంటల్లో ఆరే పూత జులైలో, అదీ సముద్రం పక్కన ఊళ్లో, రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టినా ఒక్కోసారి చాలదు.

పూతలోనూ లోపముంది. కిట్టులో స్కూప్ కోటర్ (ఎమల్షన్‌ను సమంగా పూసే తొట్టి) ఇవ్వలేదు, పాత ఏటీఎం కార్డుతో పూయమన్నారు. కార్డు వంగుతుంది కాబట్టి పూత చారలు చారలుగా పడుతుంది, మందంగా పడ్డ చార ఎప్పటికీ ఆరదు. ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది. ఫ్రేమ్ వెడల్పుకు సరిపోయే స్కూప్ కోటర్‌తో ముందు ప్రింటు వైపు ఒక్క పూత, తర్వాత స్క్వీజీ వైపు ఒక్క పూత. ఫ్రేమును నాలుగు సీసా మూతల మీద పడుకోబెట్టాలి, ప్రింటు వైపు కిందికి ఉండాలి. అలా పెడితే ఎమల్షన్ కాగితాన్ని తాకే వైపుకు సమంగా దిగుతుంది, దుమ్మూ పడదు. చీకటి గదిలో టేబుల్ ఫ్యాన్, పసుపు బల్బు. వానాకాలమైతే మర్నాడు కూడా ఒక గంట రూమ్ హీటర్‌ను దూరంగా పెట్టి గోరువెచ్చటి గాలి. వేడి 40 డిగ్రీలు దాటిందా, వెలుతురు తగలకుండానే పూత గట్టిపడి, కడిగినా వదలదు.

ఇంతకీ ఈ సమీక్ష రాయడానికి కారణమైన సంతోషం నాలుగో వర్క్‌షాపులో దొరికింది. అక్కడ ఒక పూటంతా ఒకే పని చేయించారు, టెస్ట్ స్ట్రిప్. ప్రింటు ఒక్కటి కూడా చేతికివ్వలేదు. సగం మంది మొహాలు ముడుచుకుని వెళ్లారు.

పద్ధతి చిన్నదే. ఒకే వరుసను, అంటే కథ, వధువు, రాష్ట్రం, జ్ఞానం అనే మాటల్ని 12, 16, 20, 24 పాయింట్లలో, పాజిటివ్ మీద అయిదుసార్లు పక్కపక్కన వేయాలి. స్క్రీన్ మీద పెట్టి, గాజు పెట్టి, ఎండలో తీయాలి. మొదటి 60 సెకన్లు అంతా తెరిచి ఉంచాలి. తర్వాత మొదటి భాగాన్ని నల్ల అట్టతో కప్పి ఇంకో 30. రెండోది కప్పి 30. మూడోది కప్పి 60. నాలుగోది కప్పి 90. ఒకే స్క్రీన్ మీద 60, 90, 120, 180, 270 సెకన్లు అన్నీ వస్తాయి. కడిగి చూస్తే జవాబు ఎదురుగా ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం, డయాజో రకం ఎమల్షన్, 77 మెష్, ట్రేసింగ్ పేపర్ పాజిటివ్‌తో నా దగ్గర 60 దగ్గర జారింది, 90 దగ్గర పొట్ట ముద్దయింది, 120 దగ్గర 16 పాయింట్ల కథ పూర్తిగా నిలిచింది, 180 దగ్గర 16లో చుక్క పోయి 20లో మిగిలింది, 270 దగ్గర అన్నీ కద. ఈ అంకెలు మీకు పనికిరావు. మీ ఎమల్షన్, మీ గాజు, మీ ఎండ వేరు. స్ట్రిప్ తీసే పద్ధతే పనికొస్తుంది. ఆరు స్క్రీన్ల ఎమల్షన్ తగలేసే బదులు మొదట్లోనే ఒక స్క్రీన్ దీనికి కేటాయించి ఉంటే సరిపోయేది.

లినో కటింగ్ (పలక చెక్కి అచ్చు వేసే పని) వర్క్‌షాపు నుంచి వచ్చినవాళ్లు చేసే తప్పు ఒకటుంది. లినోలోనూ, పెడన కలంకారీ అచ్చుల్లోనూ అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. ఆ అలవాటుతో ఇక్కడా కంప్యూటర్‌లోనే తిప్పేసి ప్రింటు తీస్తారు. స్క్రీన్‌కి తిప్పక్కర్లేదు. మామూలుగా ప్రింటు తీసి, టోనర్ (లేజర్ ప్రింటర్ నలుపు) ఉన్న ముఖాన్ని ప్రింటు వైపు ఎమల్షన్‌కు ఆనించి పెడితే, స్క్వీజీ వైపు నుంచి చూసినప్పుడు సరిగ్గా చదవొస్తుంది. తిప్పి తీస్తే టోనర్ పైకి వచ్చేలా పెట్టాలి. అప్పుడు టోనర్‌కూ ఎమల్షన్‌కూ మధ్య కాగితం మందం అడ్డొస్తుంది. ఆ సందులోంచి వెలుతురు పక్కకు పాకుతుంది. మళ్లీ పోయేది చుక్కే.

ఇంకో సందు గాజు దగ్గర. 'గాజు పెట్టి ఎండలో ఉంచండి' అని రాసి ఊరుకున్నారు కిట్టు కాగితంలో. ఫ్రేము లోపలి వైపు నుంచి నల్లగుడ్డ చుట్టిన స్పాంజి, దాని వెనక చెక్క పెట్టి మెష్‌ను గాజుకేసి నొక్కకపోతే మెష్ మధ్యలో వేలాడుతుంది, అంచుల్లో అక్షరాలు పదునుగా, మధ్యలో మసకగా వస్తాయి. టోనర్ నలుపు కూడా చూసుకోవాలి. పాజిటివ్‌ను ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టినప్పుడు నలుపులో నక్షత్రాలు కనిపిస్తే అది చాలదు. రెండు కాపీలు ఒకదానిమీద ఒకటి పెట్టమని సలహా ఇస్తారు. పెద్ద అక్షరాలకు సరే, 16 పాయింట్లలో వెంట్రుకవాసి జరిగినా చుక్క కోడిగుడ్డయిపోతుంది. డబ్బులున్నప్పుడు ఇంక్‌జెట్ ఫిల్మ్ కొనుక్కోవడమే.

కడగడానికి బాత్రూమ్‌లోని హెల్త్ ఫాసెట్ భేషుగ్గా పనిచేస్తుంది, దీనికి పూర్తి మార్కులు. రెండు వైపులా మెల్లగా తడిపి ఒక నిమిషం ఆగాలి, ఆ తర్వాత ప్రింటు వైపు నుంచి అడుగు దూరంలో కొట్టాలి. తొందరపడి దగ్గరగా కొడితే బాగా వచ్చిన స్టెన్సిల్ కూడా చిరుగుతుంది. ఆరాక అయిదు నిమిషాలు మళ్లీ ఎండలో పెడితే ఇంకా గట్టిపడుతుంది.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ 'ఎండ ఉండగా యూవీ లైటు దండగ' అని చెప్పాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక మబ్బు ముక్క అడ్డొస్తే లెక్క మారుతుంది, పదకొండింటి ఎండా మూడింటి ఎండా ఒకటి కావు. నెలకు రెండు స్క్రీన్లు చేసేవాళ్లకు ఎండ చాలు. పోస్టర్‌కు నాలుగు రంగులు, నాలుగు స్క్రీన్లు ఒకేలా రావాలంటే చాలదు.

చెక్క ఫ్రేమును కూడా అప్పట్లో మెచ్చుకున్నాను. పాతిక ముప్ఫై సార్లు కడిగేసరికి చెక్క ఉబ్బి మెలి తిరిగింది, మెష్ వదులైంది. స్క్వీజీతో పాటు మెష్ ముందుకు జరుగుతుంది కాబట్టి రెండో రంగు మొదటి దానిమీద ఒక మిల్లీమీటరు పక్కకు పడుతోంది. ఒక రంగు పనికి ఇంకా పర్వాలేదు. స్క్వీజీ మాత్రం నిక్షేపంలా ఉంది. అంచు గుండ్రబడితే గాజు మీద గరుకు కాగితం పరిచి నిటారుగా పట్టుకుని రుద్దితే సరి.

ఒక జాగ్రత్త. పెళ్లి కార్డుల ప్రింటర్లు వాడినట్టే కొన్ని వర్క్‌షాపుల్లో ఇప్పటికీ నారింజరంగు పలుకుల అమోనియం బైక్రోమేట్‌ను సెన్సిటైజర్‌గా, అంటే ఎమల్షన్ వెలుతురుకు గట్టిపడేలా చేసే మందుగా, కలుపుతున్నారు. చవక, త్వరగా ఎక్స్‌పోజ్ అవుతుంది. కానీ అది క్యాన్సర్ కారకమైన క్రోమియం. కలిపాక ఎక్కువ కాలం నిలవదు. డయాజో అయితే ఫ్రిజ్‌లో కొన్ని వారాలుంటుంది. చేరే ముందే ఏది వాడతారో అడగండి. బైక్రోమేట్ అంటే చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, సింకులో పోయవద్దు.

మరి వెళ్లాలా వద్దా? నాకు డాబా ఉంది, చీకటి చేసుకోవడానికి ఒక సామాన్ల గది ఉంది, ఏ నీళ్లు ఎటు పోయాయని అడిగేవాళ్లు లేరు. కాబట్టి నా మెప్పును ఆ లెక్కన తగ్గించుకుని చదవండి. హాస్టల్ గదిలో ఉండేవాళ్లు కిట్టు కొనొద్దు, వర్క్‌షాపులో ప్రింటు తీసుకుని సంతోషంగా రండి, అదీ తప్పేం కాదు. అక్షరాల మీద పనిచేయాలనుకునేవాళ్లు మాత్రం డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: 'స్క్రీన్ మా చేత ఎక్స్‌పోజ్ చేయిస్తారా?' 'రెడీగా ఉంటాయండీ, మీకే కష్టం ఉండదు' అంటే అది మీకోసం కాదు.

గుడ్డ మీద, 43 మెష్‌తో, 16 పాయింట్ల కథ మాత్రం నాకు ఇప్పటికీ నిలవలేదు. డిసెంబరు ఎండకు స్ట్రిప్ మళ్లీ తీయాలి.