రవిప్రకాషా, లక్కిరెడ్డా? పెళ్లికార్డుకూ పోస్టర్‌కూ ఏ అలంకార ఫాంట్ మేలు?

డీటీపీ సెంటర్‌కు పెళ్లికార్డు పని మీద వచ్చేవాళ్లు ముందుగా అనే మాట ఇదే: "అక్షరాలు కొంచెం డిజైన్‌గా ఉండాలండీ." చాలా ఏళ్లుగా ఆ మాటకు నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి రవిప్రకాష్, రెండోది లక్కిరెడ్డి. రెండూ యూనికోడ్ ఫాంట్లే, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే రకం. రెండింటినీ 2013లో అప్పాజీ అంబరీష దర్భ తయారుచేశారు. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర వాటిని అందరికీ ఉచితంగా ఇచ్చింది. గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకుని వ్యాపార పనులకు కూడా వాడుకోవచ్చు, ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. చెయ్యి ఒకటే అయినా గుణాలు వేరు. ఒకదాని చోట ఇంకొకటి వేస్తే తేడా వెంటనే కొడుతుంది.

రవిప్రకాష్ అందమంతా కొసల్లో ఉంది. మామూలు ఫాంట్‌లో గీత తిరిగి తిరిగి ఊరికే ఆగిపోతుంది, ఇందులో ఒక విసురుతో ముగుస్తుంది. "శుభలేఖ" అని పెద్దగా వేసి చూడండి, చదవకముందే పండగ కళ వచ్చేస్తుంది. లక్కిరెడ్డి అలా కాదు. అది చేతిరాత తీరు. ఎవరో తీరిగ్గా కూర్చుని రాసిచ్చినట్టు చనువుగా ఉంటుంది. కొంతమంది దాన్ని చూసి "బాపు గారి రాత కదా" అంటారు. కాదు. బాపు రాత దారి వేరు, అది కావాలంటే ఆ రాత మీద చేసిన ఫాంటే వెతుక్కోవాలి.

కొత్త ఫాంట్ చేతికి రాగానే నేను అ నుంచి ఱ వరకు వరసగా చూడను. నాలుగు మాటలు కొడతాను: లక్ష్మీ, స్త్రీ, రాష్ట్రం, వధువు. మొదటి మూడూ ఒత్తుల పరీక్ష. తెలుగు అక్షరం పక్కకు పెరిగినంతగా కిందికీ పెరుగుతుంది. పై లైనులో "లక్ష్మీ" ఒత్తు దిగే చోటే కింది లైనులో గుడిదీర్ఘం లేస్తే రెండూ ముద్దయిపోతాయి. అసలే కొసలు బయటికి చాచిన రవిప్రకాష్‌లో ఈ గొడవ ఎక్కువ. అందుకే అందులో శీర్షిక రెండు లైన్లయితే లైన్ల మధ్య ఖాళీని చేత్తో పెంచుతాను, ఆటోకు వదలను.

ఇక "వధువు" ఎందుకంటే, ఒకసారి దెబ్బ తిన్నాను. మూడు వందల కార్డులు, మెరూన్ కాగితం మీద బంగారు ఫాయిల్. ముచ్చటగా ఉంటుందని లోపలి మాటలకు కూడా రవిప్రకాషే పెట్టాను, సైజు పన్నెండు. ద కింద చిన్న నిలువు గీత ఉంటేనే అది ధ. ఆ సైజులో ఫాయిల్ పడేసరికి ఆ గీత పై అక్షరంలో కలిసిపోయింది. ప్రతి కార్డు మీదా "వదువు" అని వచ్చింది. అమ్మాయి తండ్రి కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టేశారు. రాత్రికి రాత్రి మళ్లీ వేయించి ఇచ్చాను. తప్పు ఫాంట్‌ది కాదు, నేను పెట్టిన సైజుది. థ లోపలి చుక్కకూ, భ, ఫ కింది గీతలకూ ఇదే ప్రమాదం. ఆ రోజు నుంచి అలంకార ఫాంట్ ఏదైనా పేర్లకూ శీర్షికకే, ముప్పై పాయింట్లకు తగ్గకుండా. ముహూర్తం, వేదిక, ఫోన్ నంబర్లకు మండలి అనే ఫాంట్ వాడతాను. వార్తాపత్రికలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఫాంట్ కాబట్టి చిన్న సైజులోనూ తేటగా ఉంటుంది.

పెళ్లి, గృహప్రవేశం, గుడి ఉత్సవం అయితే నా ఓటు రవిప్రకాష్‌కే. రెండు మూడు మాటలకు మించకపోతే దానికి తిరుగులేదు. పిల్లల పుట్టినరోజు, బొమ్మల కొలువు పిలుపు, ముగ్గుల పోటీ పోస్టర్, టిఫిన్ సెంటర్ మెనూ అయితే లక్కిరెడ్డి. "వేడి వేడి పెసరట్టు" అని అందులో రాస్తే పిలిచి వడ్డించినట్టు ఉంటుంది. అదే మాట రవిప్రకాష్‌లో వేస్తే పెసరట్టుకు పట్టుచీర కట్టినట్టే. వాక్యం కాస్త పొడుగైనా లక్కిరెడ్డి ఓర్చుకుంటుంది, రవిప్రకాష్ ఓర్చుకోదు. దశదిన కర్మ కార్డుకు మాత్రం రెండూ వద్దు. ఎవరు ఎంత అడిగినా నేను వెయ్యను.

రోడ్డు పక్క షాపు బోర్డుకు కూడా రెండూ సరిపోవు. బండి మీద పోయేవాడికి దొరికేది రెండు మూడు సెకన్లు. అక్కడ రామభద్ర అనే ఫాంట్ పెట్టండి. లావుగా, సూటిగా ఉంటుంది, దూరం నుంచి కూడా ధ ధలాగే కనిపిస్తుంది.

ఈ రెండు ఫాంట్లకూ ఒకే మందం, విడిగా బోల్డ్ లేదు. ఇంకా లావు కావాలని బి బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అంచులను ఉబ్బిస్తుంది, అక్షరాల్లోని ఖాళీలు పూడుకుపోతాయి. లావు కావాలంటే సైజు పెంచండి, లేదా రామభద్రకు మారండి.

పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) యూనికోడ్ కాని పాత అను ఫాంట్లకు అలవాటుపడ్డవాళ్లకు ఒక మాట. పేజ్‌మేకర్‌లో ఈ యూనికోడ్ ఫాంట్లు పనిచెయ్యవు. ఫోటోషాప్‌లో పాత వెర్షన్లయితే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి, ఇంకా పాతవాటిలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. అది ఎంచుకోకపోతే "ప్ర" కాస్తా పొల్లు ప, పక్కన ర అని విడిపోతుంది. ఇలా విడిపోయిన అక్షరాలతో అచ్చయిన ఫ్లెక్సీలు ఊరూరా కనిపిస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ప్రింటింగ్‌కు పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మలుగా) మార్చి, ఒక కాపీని అసలు సైజులో కాగితం మీద తీసి, ఇంట్లో పెద్దవాళ్ల చేత కళ్లజోడు లేకుండా చదివించండి.