టూల్‌రూమ్ మూసేయాలా, ఉంచాలా: ఏది మేలు?

బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో ఆర్డర్లు తగ్గిన ఏడాది మెషిన్ షాపు యజమాని కన్ను ముందుగా పడేది టూల్‌రూమ్ మీదే. అక్కడ అమ్మే సరుకేమీ తయారవదు. ఫిక్స్చర్లు (పార్టును మెషిన్ మీద కదలకుండా పట్టి ఉంచేవి), గేజీలు (కొలత సరిచూసేవి), డైల (ఆకారమిచ్చే అచ్చుల) రిపేర్లు, అంతే. జీతాలు మాత్రం ఎక్కువ. మూసేస్తే ఖర్చు వెంటనే తగ్గుతుంది, బ్యాంకుకు చూపించే లెక్క కూడా బాగుంటుంది.

ఆ ఆదా నిజమే. హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ లాంటివి చిన్న యూనిట్ సొంతంగా పెట్టుకోవడం దండగ, జాబ్ వర్క్‌కి ఇవ్వడమే మేలు. ఏళ్ల తరబడి ఒకే రకం పార్టు చేసే షాపైతే టూల్‌రూమ్ లేకపోయినా నడుస్తుంది. తరచూ డ్రాయింగులు మారే షాపు సంగతి వేరు.

సొంత పని బయటికి పంపేస్తే ఏమవుతుందో తెలియాలంటే, హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో టాటాలతో కలిసి అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేయిస్తున్న బోయింగ్ సంగతే చూడండి. 2005లో విచిటాలోని తన ప్లాంటును సుమారు 90 కోట్ల డాలర్లకు అమ్మేసింది. అది స్పిరిట్ ఏరోసిస్టమ్స్ అయింది. 2024 జనవరిలో అలస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ గాల్లో ఉండగా డోర్ ప్లగ్ (వాడని తలుపు చోటును మూసే పలక) ఊడిపోయింది. స్పిరిట్ పంపిన బాడీలో రివెట్లు బాగాలేక, వాటిని సరిచేయడానికి బోయింగ్ ఫ్యాక్టరీలో ఆ ప్లగ్ తెరిచారు. మూసేటప్పుడు నాలుగు బోల్టులు పెట్టనేలేదు. తెరిచినట్టు రికార్డు కూడా లేదు! ఒకరి తప్పును ఇంకొకరి గోడల మధ్య సరిచేస్తుంటే ఇలాంటివి జారిపోతాయి. అదే ఏడాది బోయింగ్ ఆ సంస్థను తిరిగి కొనడానికి ఒప్పుకుంది: 470 కోట్ల డాలర్లు, అప్పులతో కలిపితే 830 కోట్లు. అమ్మేద్దామన్న పెద్దలెవరూ అప్పటికి సీట్లో లేరు.

మన షాపులో అంత డబ్బు ఉండదు, తిరిగి కొనుక్కునే వీలూ ఉండదు. ఫలానా ఫిక్స్చర్‌లో క్లాంపు అక్కడే ఎందుకు పెట్టారో డ్రాయింగ్‌లో రాసి ఉండదు, పెట్టిన మనిషికే తెలుసు. టూల్ డిజైన్ నేర్పే బాలానగర్ సీఐటీడీలో చదివిన పిల్లలు దొరుకుతారు, నిజమే. వాళ్లకు మన పార్టుల గుట్టు చెప్పేవాడు ఉండాలి కదా.

కాబట్టి నేనైతే ఫిక్స్చర్ల తయారీలో సగం బయటికిస్తాను. డిజైను, ట్రయల్, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ మాత్రం లోపలే ఉంచుతాను. డబ్బుకు మరీ టెన్షన్ అయితే కొత్త సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) కొనడం వాయిదా వేస్తాను. మెషిన్ వచ్చే ఏడాదీ దొరుకుతుంది. పంపేసిన టూల్‌మేకర్ అప్పటికి పటాన్‌చెరులో ఇంకెవరి దగ్గరో చేరిపోయి ఉంటాడు.