టోరిక్ లెన్స్ అని డబ్బులు గుంజి మామూలు లెన్స్ అంటగట్టారు, జాగ్రత్త

సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే మసకకి ఇచ్చే పవర్) ఉండి, ఆటల కోసం కాంటాక్ట్ లెన్స్ కొనాలనుకుంటున్నవాళ్ళు ఇది చదివాకే షాపుకి వెళ్ళండి. టోరిక్ అంటే ఆ సిలిండర్‌ని కూడా సరిచేసే లెన్స్. షాపు పేరు రాయను. మన టర్ఫ్‌లో రాత్రిపూట బాక్స్ క్రికెట్ ఆడేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, సగం మంది అక్కడే కొన్నారు. నన్ను పంపిందీ వాళ్ళే.

నా చీటీలో కుడికన్ను మైనస్ 3.00, సిలిండర్ మైనస్ 1.50. ఎడమదీ అంతే. చెమటకి కళ్ళద్దాలు ముక్కు మీద నిలవవు కాబట్టి ఒక్కరోజు వాడి పారేసే లెన్స్ అడిగాను. "సిలిండర్ ఉంది కదా సార్, టోరిక్ పడుతుంది, రేటు ఎక్కువ" అన్నాడు ఓనరే. సరేనన్నాను. రెండు బాక్సులు, 5,600. షాపులో పెట్టుకుని చూస్తే బోర్డు మీద అక్షరాలు బాగానే కనిపించాయి. నెత్తిమీద అన్ని లైట్లు వేసి చూపిస్తే ఎవరికైనా కనిపిస్తాయి!

ఫ్లడ్‌లైట్ల కిందకి వెళ్ళాక తెలిసింది అసలు సంగతి. ఒక్కో లైటుకీ తోక మొలిచింది. స్కోరుబోర్డు మీద 3 ఏదో 8 ఏదో తేలలేదు. తిన్నగా చేతుల్లోకి వస్తున్న క్యాచ్‌కి, బంతి పక్కనే నీడలాగా ఇంకోటి కనిపించింది. లేనిదాని మీదకి చేతులు పోయాయి, ఉన్నది వచ్చి దవడకి తగిలింది. టెన్నిస్ బాల్ కాబట్టి సరిపోయింది.

ఇంటికొచ్చి బాక్సు తిప్పి చూశా. పవర్ మైనస్ 3.75, బేస్ కర్వ్ (లెన్స్ వంపు) 8.5, డయామీటర్ 14.2, ఎక్స్‌పైరీ డేటు. అంతే. టోరిక్ అయితే సిలిండర్, యాక్సిస్ (ఆ సిలిండర్ ఏ కోణంలో ఉందో చెప్పేది) అని ఇంకో రెండు అంకెలు ఉండాలి. లోపల రేకు మీదా లేవు. సిలిండర్‌లో సగం, అంటే 0.75, తీసి అసలు పవర్‌కి కలిపేసి మామూలు లెన్స్ చేతిలో పెట్టారన్నమాట. అర, ముప్పావు సిలిండర్ ఉన్నవాళ్ళకి ఇలా సర్దడం మామూలేనని వేరేచోట ఆప్టోమెట్రిస్ట్ చెప్పారు. ఒకటిన్నరకి కష్టం, అందులోనూ రాత్రి ఆటకి. వెలుతురు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, దాంతో మసక ఇంకా పెరుగుతుంది. సరే, సర్దితే సర్దారు, టోరిక్ రేటు ఎందుకు తీసుకున్నట్టు?

అదే అడిగాను వెళ్ళి. ఓనరు టీ తాగుతూ కప్పు కూడా కింద పెట్టలేదు.

"సిలిండర్ కూడా అందులోనే కలిపేశాం సార్."

పప్పులో చింతపండు కలిపినంత తేలిగ్గా చెప్పాడు. మరి బాక్సు మీద టోరిక్ అని లేదేంటి అంటే, బాక్సు తీసుకోనైనా తీసుకోకుండా "ఓపెన్ చేసింది వెనక్కి తీసుకోం" అన్నాడు. ఎక్కువ తీసుకున్న డబ్బులైనా ఇవ్వమంటే అది ఫిట్టింగ్ ఛార్జీ అట. బిల్లులో ఆ మాటే లేదు. "కాంటాక్ట్ లెన్స్, 2 బాక్సులు" అని మాత్రమే ఉంది. క్యాచ్ సంగతి చెప్పబోయాను. అప్పుడన్నాడు, షాపులో నలుగురు కస్టమర్లు వింటుండగా, "ఆడటం రాకపోతే దానికి లెన్స్ ఏం చేస్తుంది సార్!" కౌంటర్లో ఉన్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. డబ్బులు పోయినందుకు కాదు, ఆ నవ్వుకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది. ఆఫీసులో రోజంతా ఒక్క తప్పు అంకె కోసం వేల లైన్లు వెతికే నాకు, అరచేతిలో పట్టే డబ్బా చదవాలని తోచలేదు. శభాష్ అనుకోవాలి.

వెళ్ళేవాళ్ళు బాక్సు సీలు తీయనివ్వకముందే సిలిండర్, యాక్సిస్ అంకెలు మీ చీటీతో పోల్చి చూడండి. చిన్న తేడా ఉండొచ్చు, ఎందుకని అడగండి. అసలు ఆ అంకెలే లేకపోతే మాత్రం అది టోరిక్ కాదు. బిల్లులో టోరిక్ అనీ, పవరూ రాయించుకోండి. ట్రయల్ లెన్స్ పెడితే షాపులోంచి బయటికొచ్చి, వీలైతే చీకటి పడ్డాక, దూరంగా ఉన్న బోర్డులు చదవండి.

కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను. ఏం తేలిందో ఇక్కడే రాస్తా. ఆ షాపులో టోరిక్ కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే బాక్సు ఫోటో పెట్టండి.